తవుడిచ్చి కొన్న పాప వీడియో

బాబాయిని కొబ్బరి చెట్టుకి కట్టేసి కొడుతున్నప్పుడు నేను రాజోలు సెంటర్లో సెలూన్ కుర్చీలో కూర్చుని ఉన్నాను. ఎడమ చెంప గీయడం అయిపోయింది. కుడి చెంప మీద నురగ ఉంది. చేతిలో ఫోను ఉంది. ఫోనులో బాబాయి ఉన్నాడు.

మొదట గుర్తుపట్టలేదు. ముఖమంతా రక్తమైతే మనుషులందరూ ఒక్కలాగే ఉంటారు. బొటనవేలితో పైకి తోసేసి తర్వాతి వీడియోకి వెళ్ళబోయాను కూడా. దానికి ముందు చూసింది ఒక పిల్లి నీళ్ళ తొట్టెలో పడడం. పిల్లికీ దీనికీ మధ్య నా బొటనవేలికి పెద్ద తేడా తెలియలేదు. అంతలో ఆయన తల వాల్చేస్తే ఎవరో జుట్టు పట్టుకుని పైకెత్తారు. టీషర్టు మీద అక్షరాలు కనిపించాయి. అది నేను కామెడీ వీడియోలు పెట్టే మా పేజీ పేరు. జనంలో పేరొస్తుందని నేను ఆ టీషర్టులు పాతిక అచ్చు వేయించాను. ఇరవై మూడు ఇంకా అటక మీదే ఉన్నాయి. ఒకటి నేను వేసుకున్నాను. ఇక మిగిలింది ఒక్కటే, దాన్ని బాబాయికిచ్చాను.

బాబాయి అంటే నాన్న తమ్ముడు కాదు. మా కొబ్బరి తోటలో దింపుకి వచ్చే మనిషి. కాళ్ళకి తాడు వేసుకుని, నడుముకి కత్తి దోపుకుని, చెట్టెక్కి గెల కోసి దించడం ఆయన పని. మాట వచ్చిన దగ్గర్నించీ నేను ఆయన్ని బాబాయి అనే పిలుస్తున్నాను. ఆయన నన్ను అబ్బాయిగారండి అంటాడు. నాకు మీసాలొచ్చినా, ఆయన మీసాలు నెరిసినా ఆ పిలుపులు మాత్రం మారలేదు.

ఆ తాడుతోనే కట్టేశారు. చెట్టుని పట్టుకుని ఎక్కకుండా కిందే నిలబడి ఉండడం ఆయన బతుకులో అదే మొదటిసారి అయి ఉంటుంది.

"చెప్పెహె! ఆ పిల్లెవరిది?"

"నాదేనండి."

"నీదా? వీడియోలో వేరేవాళ్ళ గుమ్మంలోంచి ఎత్తుకెళ్తన్నావ్ కదరా!"

"ఎత్తుకెళ్ళలేదండి. కొన్నానండి."

"ఎంతిచ్చేవ్?"

"తవుడిచ్చేనండి."

కొబ్బరి మట్ట గాల్లోకి లేచి ఆయన భుజం మీద పడింది. పచ్చి మట్ట. ఎండు మట్ట అయితే విరుగుతుంది, పచ్చిది విరగదు. చెట్లెక్కేవాడికి, నాకు, అక్కడున్న ప్రతివాడికీ తెలిసిన సంగతే, అందుకే పచ్చిది ఏరుకున్నారు. రెండోది మోచేతి మీద పడింది. ఆ శబ్దం సెలూన్ మొత్తానికి వినిపించింది. తెర మీద కింద నించి పైకి ఎర్ర గుండెలు తేలుతూ ఆయన ముఖం మీంచి వెళ్ళిపోతున్నాయి. చూసేవాళ్ళు నొక్కుతున్న గుండెలవి. "వేసెయ్ అన్నా", "చేతులు తీసెయ్యండి", "మా ఊరు ఎప్పుడొస్తాడు, మేం రెడీ" అని కామెంట్లు. ఒకాయన మాత్రం "శుభ మధ్యాహ్నం మిత్రులారా" అని పెట్టాడు. ప్రతి లైవ్‌లోనూ ఒకాయన ఉంటాడు.

తీస్తున్న యువకుడు మధ్యమధ్యలో క్రికెట్ వ్యాఖ్యానంలా చెబుతున్నాడు. "చూడండి ఫ్రెండ్స్, ఇంకా ఎటకారమే ఆడతన్నాడు, తవుడంట." వాళ్ళ కోపానికి అదే కారణం. పిల్లని ఎత్తుకెళ్ళడం కన్నా, తవుడిచ్చి కొన్నాననడం వాళ్ళకి పెద్ద నేరంగా కనిపించింది.

బాబాయి వెటకారం ఆడలేదు. నిజంగానే తవుడిచ్చి కొన్నాడు. అమ్మింది మేమే. దాన్ని వీడియో తీసింది నేను.

మా అక్కకి ముందు రెండు కాన్పులూ దక్కలేదు. ఒక బిడ్డ పురిట్లోనే పోయింది, ఇంకో బిడ్డ నెల తిరక్కుండా పోయాడు. మూడోది ఈ పాప. పుట్టిన పదకొండో రోజున మా మామ్మ, అంటే నాన్నగారి అమ్మ, తీర్మానం చేసింది: "ఈ పిల్లని అమ్మేస్తున్నాం." మా వైపు ఇది ఉన్నదే. బిడ్డలు దక్కని ఇంట్లో పుట్టిన బిడ్డని చేటలో పెట్టి చెత్తకుప్ప మీద దింపుతారు. ఈ పీడ మాకొద్దు, ఎవరైనా తీసుకుపొండి అంటారు. నిండుగా పిల్లలున్న మనిషి ఒకరు వచ్చి, కాస్త తవుడిచ్చి కొనుక్కుని, వెనక్కి తిరిగి చూడకుండా గేటు దాటి వెళ్ళిపోతారు. వీధి చుట్టి పెరటి వైపు నించి వచ్చి, నా పిల్లని మీ ఇంట్లో పెంచండి అని అప్పజెబుతారు. చావు ఆ ఇంటి పిల్ల కోసం వెతుక్కుంటూ వస్తే, అక్కడ ఉన్నది వేరేవాళ్ళ పిల్ల అన్నమాట. చావుకి ఆధార్ కార్డు అడిగే అలవాటు లేదు కనక ఏర్పాటు బాగానే పనిచేస్తుందని మామ్మ నమ్మకం.

బాబాయికి నలుగురు పిల్లలు, నలుగురూ ఇనప ముక్కలు. అందుకని ఆయన్ని అడిగారు. ఆయన ఆదివారం చర్చికి వెళ్ళే మనిషి. "పాస్టరుగారికి చెప్పకండేం" అని నవ్వి, స్నానం చేసి, నేనిచ్చిన కొత్త టీషర్టు వేసుకుని వచ్చాడు.

మామ్మ నటన చూసి తీరాలి. "మాకొద్దీ పీడ! తవుడిచ్చి తీసుకుపో!" అని చేటని కాలితో తోసినంత పని చేసింది. అక్క ముఖం తిప్పుకుంది. బాబాయి తవుడు కుమ్మరించి, పాపని తువ్వాల్లో చుట్టుకుని, వెనక్కి చూడకుండా గేటు దాటాడు. నేను అక్కడ కట్ చేశాను.

పెరటి వైపు నించి తిరిగి రావడం కూడా తీశాను. కానీ అది పెడితే జోకు చప్పబడిపోతుంది. కింద "మా మేనకోడల్ని అమ్మేశాం, వాపసు తీసుకోబడదు" అని రాసి పెట్టాను. మా పేజీకి ఎప్పుడూ లేనంత మంది చూశారు. కువైట్‌లో ఉన్న బావ కూడా నవ్వుతూ ఫోను చేశాడు. కూతురు పుట్టిన దగ్గర్నించీ ఆయన దాన్ని చూసింది ఫోనులోనే.

నాలుగు నెలల తర్వాత, ఎవడో దాన్ని దించుకుని, కింద నేను రాసిన ముక్క లేకుండా, పైన వేరే గొంతు అతికించి వదిలాడు. "అమ్మలారా జాగ్రత్త. మన కోనసీమలో పిల్లల్ని కొనే ముఠా దిగింది." మామ్మ అరుపు దానికి బాగా అతికింది. మా బంధువుల గ్రూపులోకి కూడా వచ్చింది. పెట్టింది మా సొంత పెద్దత్తయ్య. వీడియోలో అరుస్తున్నది తన కన్నతల్లేనని గుర్తుపట్టలేదు, పిల్లలు జాగ్రత్త అని దణ్ణం బొమ్మలు పెట్టింది. నేను పడీ పడీ నవ్వాను. "బాబాయి ఫేమస్" అని రాశాను. అది అబద్ధం, అసలు సంగతి ఇదీ అని ఒక్క వీడియో చెయ్యడానికి నాకు రెండు రోజులుంది. చెయ్యలేదు. మా పేజీలో అసలు వీడియో చూడ్డానికి కొత్త జనం వస్తున్నారు. ఆ రెండు రోజులూ నేను సంతోషంగా ఉన్నాను. దీన్ని ఇంకెక్కడా చెప్పుకోలేదు కనక ఇక్కడ చెబుతున్నాను.

లైవ్ పైన ఊరి పేరు రాసి ఉంది. సెలూన్లోంచి మెడకి కట్టిన గుడ్డతోనే బండెక్కాను. డిగ్రీలో ఉండగా సోషల్ మీడియా వాడొచ్చా కూడదా అని మాటల పోటీ పెడితే, వాడొచ్చు అనే పక్షాన మాట్లాడి స్టీలు టిఫిను డబ్బా గెలుచుకున్నవాణ్ణి నేను. దూరాలు తగ్గిస్తుంది అన్నాను. ఫోనులో బాబాయి నాకు జానెడు దూరంలో ఉన్నాడు. బండి మీద మాత్రం, దిండి రోడ్డులో, లారీల వెనక, పదకొండు కిలోమీటర్లు.

మా ఊరు దారిలోనే. గుమ్మం ముందు బండి ఆపి, "అక్కా, పాపని తీసుకుని ఎక్కు, బాబాయిని చంపేస్తున్నారు" అన్నాను. నా మాటలు ఎవరూ ఎప్పుడూ నమ్మరు. ఆవిడ నా ముఖం చూసింది, సగం నురగ, సగం ఏడుపు. పాపని భుజాన వేసుకుని ఎక్కేసింది. మామ్మ వెనకాల నించి అరుస్తోంది: "ఎవరేం అడిగినా పిల్ల మనదని అనకండొరేయ్! నోరు జారకండి!"

ఆ ఊరి పేరు చెప్పను. అది ఏ ఊరైనా కావచ్చు. మేం వెళ్ళేసరికి రోడ్డు పక్క తోట నిండా జనం. నేను రాజోలులో మొబైల్ షాపులో పనిచేస్తాను. పైకెత్తి ఉన్న ఫోన్లలో నాలుగైదిటికి గ్లాసు అతికించింది నేనే.

బాబాయి కుడి చెయ్యి మోచేతి దగ్గర వంగకూడని వైపుకి వంగి ఉంది. ఒక కన్ను మూసుకుపోయింది. పై పెదవి చీలి కిందికి వేలాడుతోంది. ఎవడో నోట్లో మట్టి కుక్కినట్టున్నాడు, ఎర్రగా బురద ఉమ్ముతున్నాడు. ఒకడు హెల్మెట్ తీసి దాంతో పక్కటెముకల మీద మోదాడు. రోడ్డు మీద ఒక్కనాడూ తలకి పెట్టుకోని హెల్మెట్‌కి చివరికి వాడొక ఉపయోగం కనిపెట్టాడు. ఒకావిడ చంకలో బిడ్డతో వచ్చి చెప్పు తీసి రెండు కొట్టి, మళ్ళీ ఆ చెప్పు వేసుకుని వెళ్ళి వెనక నిలబడింది.

ఆయన దింపుకి వచ్చిన తోట ఆవిడ ఒకత్తే అడ్డం పడుతోంది. "నా తోటలోకి కాయలు దింపడానికి వచ్చేడర్రా! తవుడుకి కొనడమంటే మన పెద్దోళ్ళు చేసేదే కదర్రా, తెలవదా మీకు?"

"నువ్వూ ముఠాయేనా పిన్నీ?" అని ఒకడు ఆవిణ్ణి తోసేశాడు. మట్టల మీద పడింది.

ఇంకొకడు బాబాయిని ఊరి పేరు అడిగాడు. చెప్పాడు. ఊళ్ళో ఎక్కడ అని అడిగాడు. చెప్పాడు, పేట పేరు. ఆ పేట పేరు విన్నాక దెబ్బల బరువు మారింది. అంతవరకూ పిల్ల కోసం కొడుతున్నారు. ఆ తర్వాత ఎందుకు కొడుతున్నారో అక్కడున్నవాళ్ళందరికీ తెలుసు, లైవ్‌లో మాత్రం ఎవరూ చెప్పలేదు.

నేను జనాన్ని తోసుకుని వెళ్ళి, "ఆగండి, ఆగండి, ఆ వీడియో నాది" అన్నాను. గొప్ప మాటే. కాని మెడలో సెలూన్ గుడ్డ, ఒక చెంప మీద ఎండిపోయిన నురగతో ఎవడైనా ఆ మాట చెబితే వినేవాళ్ళకి వేరేలా ఉంటుంది. "వీడెవడ్రా పిచ్చోడు" అని ఒకడు చెంప మీద ఒక్కటిచ్చాడు, గీసిన చెంప మీద. రెండో దాని మీద చెయ్యి జారుతుందనుకున్నాడు కాబోలు. ఇంకొకడు వెనక నించి తన్నాడు. కింద పడ్డాను. పన్ను ఒకటి సగం విరిగింది, ఆ సగం ఇప్పటికీ ఆ తోటలోనే ఎక్కడో ఉంది. నా వీపు మీద ఎవరిదో కాలు ఉంది. ఆ కాలి కింద నించి చూస్తే అక్క పాదాలు ముందుకి నడవడం కనిపించింది.

"కట్లు విప్పండి" అంది అక్క.

ఆవిడ గొంతు పెద్దది కాదు. కానీ భుజాన పాప ఉంది. వీడియోలో అమ్ముడైపోయిన పాప నడిచొచ్చినట్టే అయింది, జనం ఒక్క క్షణం తడబడ్డారు. ఫోన్లన్నీ బాబాయి మీంచి అక్క మీదికి తిరిగాయి.

"ఎవరమ్మా నువ్వు? ఈ పిల్ల ఎవరిది?" అన్నాడు లైవ్ తీస్తున్నవాడు.

బాబాయి మూసుకుపోని కన్నుతో అక్కని చూశాడు. తల అడ్డంగా ఊపాడు. చిన్నగా, రెండుసార్లు. నోరు తెరిస్తే రక్తం కారుతోంది, మాట రావడం లేదు. అనొద్దు అంటున్నాడు. ఆ పూట ఎన్ని దెబ్బలు తిన్నా ఆయన ఆ ఒక్క మాట మార్చలేదు. నా పిల్ల కాదండి, ఆ ఇంటివాళ్ళదండి, ఏదో మొక్కండి అని ఒక్కసారి అని ఉంటే రెండో మట్ట పడేది కాదు. కొన్న మనిషి నా పిల్ల కాదు అంటే బేరం చెడిపోతుంది. కన్న మనిషి నాదే అంటే చావుకి చిరునామా ఇచ్చినట్టు. ఆయన నోటితో ఆయన చెడగొట్టలేదు. ఇప్పుడు అక్కని చెడగొట్టొద్దంటున్నాడు.

అక్క పాప వైపు చూసింది. ఇద్దరు పిల్లల్ని మట్టిలో పెట్టిన మనిషి. అక్కడ నిలబడి ఎంతసేపు ఆలోచించిందో నాకు తెలియదు. వీడియోలో చూస్తే నాలుగు సెకన్లు.

"నాదే" అంది. "నా కడుపున పుట్టింది. ఆయన మా మనిషి."

"సాక్ష్యం ఏంటి?" అన్నాడు వాడు. ఎదురుగా తల్లి ఉంది, పిల్ల ఉంది, పిల్ల నోరంతా తల్లి మెడకే ఆనించి ఉంది. వాడికి సాక్ష్యం కావాలి. అక్క బ్లౌజులోంచి ఫోను తీసి వాడి ఛాతీ మీదికి విసిరినట్టు ఇచ్చింది. వాడు తన ఫోను ఇంకొకడికిచ్చి, అక్క ఫోనులో ఆసుపత్రి ఫోటోలు, బారసాల ఫోటోలు, బావ పక్కన చిన్న గడిలో పాప నవ్వుతున్న ఫోటోలు ఒక్కొక్కటే తోసి చూశాడు. తెర మీద కనబడ్డాక నమ్మాడు.

"ఆయ్, ఈవిడదేరా" అన్నాడు.

అంతే. ఒక్క నిమిషంలో అందరికీ పనులు గుర్తొచ్చాయి. రొయ్యల చెరువుకి మేత వెయ్యాలి, బడి నించి పిల్లల్ని తేవాలి, పొయ్యి మీద కూర ఉంది. హెల్మెట్ ఆయన దాన్ని మొదటిసారి తలకి పెట్టుకుని వెళ్ళాడు, ముఖం కనబడకుండా. చెప్పుతో కొట్టినావిడ వెళ్తూ వెళ్తూ నాతో, "ముందే చెప్పొచ్చు కదండీ, పాపం" అంది. మనవాళ్ళ మర్యాద మాత్రం ఎక్కడా తగ్గదు. తాడు విప్పడానికి మేం ముగ్గురమే మిగిలాం, నేను, అక్క, తోట ఆవిడ. విప్పగానే బాబాయి నిలువునా కూలిపోయాడు. పక్క చెట్టు మొదట్లో ఆయన కత్తి పడి ఉంది. అంత గొడవలోనూ ఆయన దాని వైపు చెయ్యి చాపలేదు.

అంబులెన్సులో ఆయన నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోతే నోట్లోంచి పన్ను ఒకటి వచ్చింది. "నాది కూడా విరిగింది బాబాయ్" అన్నాను. ఆ సమయంలో చెప్పదగ్గ మాట కాదు. నాకు వచ్చినవి అలాంటివే.

అమలాపురంలో ఆపరేషన్ చేశారు. మోచేతిలో రాడ్డు వేశారు. నాలుగు పక్కటెముకలు. ఒక చెవికి వినికిడి పోయింది. చెయ్యి మామూలు పనులకి వస్తుంది, చెట్టెక్కడానికి రాదు అన్నారు. పోలీసులు వచ్చి, ఎవరు కొట్టారు అని అడిగారు. ఎవరెవరు కొట్టారో వాళ్ళే లైవ్ పెట్టుకున్నారు కనక ఆ విషయంలో ఎవరూ పెద్దగా కష్టపడక్కర్లేకపోయింది. లైవ్ తీసినవాడు దాన్ని సాయంత్రానికే తీసేశాడు, కాని అప్పటికే దాన్ని పది మంది దించుకున్నారు.

ఇంటికొస్తే మామ్మ నా ఫోను అడిగింది. పాప ఫోటో చూడ్డానికేమో అనుకుని ఇచ్చాను. రోట్లో వేసి రోకలితో దంచింది. ఎనభై ఏళ్ళ మనిషి, పచ్చడికి చెయ్యి ఆడదనే మనిషి, పది పోట్లు వేసింది. గ్లాసు పొడుం అయ్యింది. నేనే అతికించిన గ్లాసు, పగలదని జనానికి చెప్పి అమ్మే రకం. ఆ తర్వాత అక్క దగ్గరికి వెళ్ళి, "అనేసేవా?" అంది. అక్క "అన్నాను" అంది. మామ్మ అక్కని కొట్టలేదు. రోకలి గోడకి ఆనించి, పాప దగ్గర కూర్చుని, ముట్టుకోకుండా చూస్తూ ఉండిపోయింది. ఫోనుని దంచినప్పుడు కన్నా అది చూస్తే నాకు ఎక్కువ భయం వేసింది.

పదో రోజున నేనూ అక్కా ఆసుపత్రికి వెళ్ళాం. నేను కాళ్ళ దగ్గర నిలబడి, వారం రోజులుగా బట్టీ పట్టింది చెప్పాను. వీడియో నేను తీశానని, వెనక్కి తెచ్చిన ముక్క నేను కోసేశానని, అబద్ధం తిరుగుతోందని తెలిసీ నవ్వుకుంటూ కూర్చున్నానని. మధ్యలో జోకు వెయ్యకుండా నేను అంతసేపు మాట్లాడ్డం అదే మొదటిసారి. ఆయన వినపడే చెవి నా వైపు తిప్పి అంతా విన్నాడు.

"పోన్లెండి అబ్బాయిగారండి. మీరు కావాలని చేసేరేంటి. చెయ్యి పోతే పోయింది, పెద్దాడున్నాడు, వాడు ఎక్కుతాడు." అప్పుడు అక్క వైపు తిరిగాడు. ముఖం మారిపోయింది. "మీరెందుకన్నారమ్మా?"

"చంపేస్తుంటే చూస్తూ ఊరుకోమంటావా బాబాయ్?"

"కొట్టేవోళ్ళు ఎంతసేపు కొడతారండి? చేతులు నొప్పెట్టి ఆళ్ళే ఆగుతారు. మా పెద్దాడు ఎలా బతికేడనుకున్నారు? ఆడి ముందు ఒకడు పోయేడు. ఈణ్ణి మా అమ్మ తవుడుకి అమ్మేసింది. ఇరవై ఏళ్ళు, మా ఆవిడ ఆణ్ణి నా కొడుకని నోటితో అనలేదండి. పెళ్ళిలో కూడా అనలేదు. మీరు నాలుగు నెల్లకే అనేసేరు."

అక్క బెడ్‌షీటు అంచు మడత పెడుతూ కూర్చుంది.

"పోనీ ఒక్కసారన్నారు. ఒక్కసారికి దేవుడు విననట్టు ఊరుకుంటాడనుకుందాం" అని మళ్ళీ నా వైపు తిరిగాడు. "మా చిన్నది చెప్పింది, ఆ వీడియో ఇంకా తిరుగుతుందంట కదండి. నొక్కినప్పుడల్లా అమ్మగారు నాదే, నాదే అంటారంట. నిజమేనాండి?"

"అవును బాబాయ్."

"ఎంతమంది నొక్కుతారండి రోజుకి?"

ఆ ప్రశ్నకి నా దగ్గర సమాధానం ఉంది. అలాంటి లెక్కలు చూసుకోవడమే నా పని. చెప్పలేదు.

"ఆ చివర ముక్క తీసెయ్యండి. మీకు కొయ్యడం వచ్చు కదా. నన్ను కొట్టిందంతా ఉంటే ఉండనివ్వండి. అమ్మగారొచ్చింది, నాదే అన్నదీ, అది కోసెయ్యండి."

అది కోసేస్తే మిగిలేది ఏమిటో ఆయనకి చెప్పాను. చెట్టుకి కట్టిన మనిషి, పిల్లని కొన్నానని ఒప్పుకుంటూ దెబ్బలు తినడం. అంతే. ఆయన దొంగ కాదని చెప్పేది ఆ చివర ముక్క ఒక్కటే. అది లేకపోతే రేపు ఇంకో ఊళ్ళో ఇంకెవడో గుర్తుపడతాడు. ఇంకో చెట్టు, ఇంకో మట్ట.

"పడనివ్వండి" అన్నాడు. "నన్నెవరో ఏదో అనుకుంటే నాకేమవుద్దండి? యాభై దాటేయి. ఆ పిల్లకి ఆరు నెల్లు లేవు."

అక్క లేచి బయటికి వెళ్ళిపోయింది.

నేను నిజంగానే ప్రయత్నించాను. అంటే, రెండు వైపులా. దించుకున్నవాళ్ళకి మెసేజులు పెట్టాను. కొందరు తీసేశారు. ఒకడు "ఎంతిస్తావ్ బ్రో" అన్నాడు. ఒకడు నా మెసేజునే ఫోటో తీసి పోస్టు పెట్టుకున్నాడు. మా పేజీలో నేను కూర్చుని, జోకు లేకుండా, జరిగింది జరిగినట్టు చెబుతూ వీడియో చేశాను. మా పేజీ చరిత్రలో అంత తక్కువమంది చూసిన వీడియో లేదు. మొదటి కామెంటు: "బ్రో, ఇందులో కామెడీ ఎక్కడ?"

కొత్త ఫోనులో ఆ కొట్టిన వీడియో పెట్టుకుని, కోసే చోటు దగ్గర వేలు ఉంచి చాలాసేపు కూర్చున్నాను. కోసి వదిలితే, కోయనిదాని కన్నా అదే ఎక్కువ తిరుగుతుంది. ఆ సంగతి నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. చివర మంచి జరిగేవాటిని జనం ఫార్వర్డ్ చెయ్యరు.

కొయ్యలేదు.

ఆసుపత్రి నించి ఇంటికొచ్చాక బాబాయిని చూడ్డానికి వాళ్ళ పేటకి వెళ్ళాను. ఎడమ చేత్తో టీ తాగుతున్నాడు. "ఏమైందండి ఆ ముక్క?" అన్నాడు.

"తీసేశాను బాబాయ్. ఇంక ఎక్కడా లేదు."

ఆయన దగ్గర ఉన్నది మీటల ఫోను. చిన్న కూతురు గుమ్మంలో నిలబడి నా వైపు చూసింది. ఆ పిల్ల దగ్గర ఉన్నది వీడియోలొచ్చే ఫోను. లోపలికి వెళ్ళిపోయింది.

"ఆయ్, మంచిదండి" అన్నాడు బాబాయి. ముఖం తేరుకుంది. చీలిన పెదవి కుట్ల దగ్గర లాగుతుంటే కూడా నవ్వాడు. "అబద్ధం కాదు కదా?"

"నేనెప్పుడైనా అబద్ధం చెప్పేనా?" అన్నాను.

ఇప్పుడు కూడా జనం అడుగుతుంటారు, నువ్వింకా ఆ పేజీ నడుపుతున్నావా అని. నడపడం లేదు. మూసెయ్యలేదు కూడా. మూసేస్తే నేను నిజం చెప్పిన ఆ ఒక్క వీడియో కూడా పోతుంది. బావ రోజూ ఫోనులోనే కూతురితో ఆడుకుంటున్నాడు, దాన్ని వాడొద్దని చెప్పే ధైర్యం నాకు లేదు. వాడమని చెప్పే టిఫిను డబ్బా ఇంట్లో ఉంది, మూత దగ్గర సొట్ట పడింది.

మొన్న పాపకి జలుబు చేసింది. పిల్లలకి జలుబు చేస్తుంది, వానాకాలం, ఇంట్లో నాకూ ఉంది. అక్క తుడుస్తోంది. మామ్మ మూల కూర్చుని చూస్తోంది, నోటితో ఏమీ అనకుండా. నేను ఇలాంటివేవీ నమ్మను. పెరట్లోకి వెళ్ళి, ఫోను తీసి, అక్క నాదే అన్న ఆ వీడియో ఆ రోజు ఎంతమంది చూశారో చూశాను.